ఈడూ జోడూ కుదిరితేనే గురి

*షూటర్ పతకం గెలిస్తే ఏకాగ్రత గురించి రాస్తాం, యోగా గురించి రాస్తాం. తూటాల పెట్టె మీద అచ్చేసిన నంబరు గురించి ఎవరూ రాయరు. పోటీ సగం అక్కడే తేలిపోతుంది.*

గది పొడవు యాభై మీటర్ల పైమాటే. కిటికీ లేదు, ఫ్యాను లేదు, గాలి కదలదు. ఇటు చివర సిమెంటు దిమ్మె, దాని మీద ఉక్కు బిగింపు. ఆ బిగింపులో రైఫిల్ గొట్టం కదలకుండా కూర్చుంది. భుజానికి ఆనించే భాగం మొత్తం విప్పి పక్కన బల్ల మీద పెట్టేశారు. రైఫిల్ యజమానురాలు వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు ఆమె చేయాల్సిన పని ఏమీ లేదు, చూడటం తప్ప.

టెక్నీషియన్ ఒక పెట్టె తెరుస్తాడు. పది తూటాలు, ఒకదాని వెనక ఒకటి. ప్రతి దెబ్బకూ తెర మీద ఒక చుక్క పడుతుంది. మొదటి పెట్టె చుక్కలు నాలుగు పక్కలా చెదురుతాయి. రెండో పెట్టెవి నిలువుగా బారు తీరతాయి. మూడోది పర్వాలేదనిపిస్తుంది గానీ ఎనిమిదో గుండు ఎక్కడో దూరంగా పోతుంది. అలా పెట్టె తర్వాత పెట్టె. ఎప్పటికో ఒక పెట్టె దగ్గర పది చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే రంధ్రంలా కనిపిస్తాయి. అప్పుడు ఆమె కుర్చీలోంచి లేచి అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: “ఈ నంబరువి ఇంకా ఎన్నున్నాయి?”

ఇలాంటి పరీక్ష గదులు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఎలీ కంపెనీకి ఉన్నాయి, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా కంపెనీకి ఉన్నాయి. ప్రపంచ స్థాయి రైఫిల్ షూటర్లు సొంత ఖర్చుతోనో, దేశం ఖర్చుతోనో అక్కడికి వెళ్లి తమ తుపాకీకి నచ్చిన తూటా ఏదో తేల్చుకుని, ఆ లాట్‌ను, అంటే ఒకే దఫాలో తయారైన సరుకును, వేలల్లో కొనుక్కుని వస్తారు. పరీక్షించిన తూటాలన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే ధరవి. మారింది పెట్టె మీది నంబరొక్కటే.

నల్లకోటు, కాంస్య పతకం

2024 ఆగస్టు 1న ఫ్రాన్స్‌లోని షాటొరూలో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఈ విభాగంలో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి కుర్రాడు, అప్పటికి సెంట్రల్ రైల్వేలో టీటీఈ. మంత్రాలయం రోడ్డులోనో ఆదోనిలోనో ముంబై బండి కోసం నిలబడేవాళ్లకు టీటీఈ అంటే నల్లకోటు, చేతిలో చార్టు, బెర్తు కోసం బతిమాలుడు. పుణె మీదుగా మన స్టేషన్లకు వచ్చే అదే లైను మీద ఉద్యోగం చేసేవాడు ఒలింపిక్ పోడియం ఎక్కాడంటే, పశ్చిమ కర్నూలు ఇళ్లలో కూడా ‘మావాడికీ ఒక రైఫిల్ కొనిస్తే’ అన్న మాట రావడంలో వింత లేదు.

తుపాకీ అనగానే ఈ జిల్లాలో పెద్దవాళ్లకు వేరే కథలు గుర్తొస్తాయి. వాటి మీద సినిమాలు చాలానే వచ్చాయి గనక ఇక్కడ వదిలేద్దాం. మనం మాట్లాడుకునేది మిల్లీమీటరులో పదో వంతు కోసం పడే తంటా గురించి.

> లెక్క ఇదీ
> ◆ 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు.
> ◆ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల గుర్తు ఒక చుక్క మాత్రమే. దాని వ్యాసం 0.5 మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు.
> ◆ ఫైనల్లో ఒక్కో గుండుకు గరిష్ఠం 10.9. యాభై మీటర్లలో నడిబొడ్డు నుంచి ప్రతి 0.8 మిల్లీమీటరు జరుగుడుకూ 0.1 పాయింటు పోతుంది.
> ◆ 2012 లండన్‌లో బెలారస్ షూటర్ సెర్గీ మార్తినోవ్ ప్రోన్ (పడుకుని కాల్చే) విభాగం క్వాలిఫయింగ్‌లో 600కు 600 కొట్టాడు. అరవై గుళ్లూ పదిలోనే. అప్పుడాయన వయసు 44.

పెట్టెకూ పెట్టెకూ ఏమిటంత తేడా?

ఒలింపిక్ 50 మీటర్ల పోటీలో వాడేది పాయింట్ టూ టూ తూటా. చిటికెన వేలి గోరంత లావు, అంగుళం పొడవు. సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. కింద ఇత్తడి కేసు, దాని అడుగున చుట్టూ సన్నటి అంచు. నిప్పు పుట్టించే రసాయనం ఆ అంచులోనే ఉంటుంది. తయారీలో దాన్ని తడి ముద్దగా కేసు అడుగున వేసి గిర్రున తిప్పుతారు, అంచులోకి పాకుతుంది. ఒకచోట ఒక పొర మందంగా, ఇంకోచోట పలచగా పడితే మంట ఒకేలా అంటుకోదు. మందు బరువు, సీసం మెత్తదనం, గుండు మీద రాసే మైనం, ఇవన్నీ ఫ్యాక్టరీలో ఒక దఫాకూ ఇంకో దఫాకూ వెంట్రుకవాసి మారుతూనే ఉంటాయి. ఎంత మంచి కంపెనీ అయినా సరే.

ఆ వెంట్రుకవాసి విలువెంతో లెక్క వేయవచ్చు. గుండు సెకనుకు 330 మీటర్ల వేగంతో వెళ్తే యాభై మీటర్లు దాటేసరికి సుమారు 11 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. షూటర్ ఆ మేరకు సైటు సరిచేసుకునే ఉంటాడు. ఒక తూటా 320 మీటర్ల వేగంతో వెళ్లిందనుకోండి, ఇంకో 7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే 10.9 పడాల్సిన చోట 10.1. చేతిలో వణుకు లేదు, ఊపిరి తప్పలేదు, వేలు తొందరపడలేదు. పతకం మాత్రం పోయింది.

ఇది వేగం సంగతి. దీనికంటే పెద్ద చిక్కు తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్. పోటీ రైఫిళ్లలో దీన్ని మామూలు తుపాకులకంటే బిగువుగా తొలుస్తారు. తూటాను లోపలికి తోసినప్పుడు సీసపు గుండు ముందుభాగం గొట్టంలోని మెలికల గాడుల మొదట్లో కాస్త ఒత్తుకోవాలి. పేల్చకుండానే ఆ తూటాను బయటికి తీసి దీపం కింద తిప్పి చూస్తే సీసం మీద సన్నటి గీతలు చుట్టూ సమానంగా కనిపిస్తాయి. ఒక పక్క లోతుగా, ఇంకో పక్క అసలు లేకుండా ఉన్నాయంటే గుండు వంకరగా కూర్చున్నట్టే. వంకరగా బయల్దేరింది వంకరగానే తిరుగుతుంది.

ఎమ్మిగనూరు మగ్గం ముందు కూర్చున్న నేతగాడిని అడిగితే దీన్ని రెండు ముక్కల్లో చెప్పేస్తాడు: దారం నంబరు మారితే అచ్చు మార్చాల్సిందే, పాత అచ్చులో కొత్త దారం పోస్తే బట్ట బట్టలా రాదు. షూటర్ కష్టం ఏమిటంటే అచ్చు మార్చుకునే వీలు లేదు. గొట్టం లక్షలు పెట్టి కొన్నది. కాబట్టి దారాన్నే వెతుక్కోవాలి.

కోటల కాలం నాటి ఖాళీ

గుండుకూ గొట్టానికీ మధ్య ఖాళీ గురించి మనుషులు తల పట్టుకోవడం కొత్త కాదు. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చాడని మఠ సంప్రదాయం చెప్పుకునే నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఏలిన ఆదోని కోటను చూడండి. కృష్ణా, తుంగభద్రల నడుమ పట్టు కోసం ఎవరు కొట్టుకున్నా ఆ కొండ దారిలోనే తగిలేది. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకున్నాడు. గోడలు పడగొట్టించి, ఫిరంగుల్ని తరలించుకుపోయాడు.

ఆ కాలపు ఫిరంగుల్లో గుండు ఎప్పుడూ గొట్టంకంటే సన్నం. బ్రిటిష్ లెక్కలో గుండు వ్యాసానికి ఇరవయ్యో వంతు ఖాళీ వదిలేవారు. తొమ్మిది పౌన్ల ఫిరంగికి గొట్టం 4.2 అంగుళాలు, ఇనుప గుండు 4 అంగుళాలు. పోతపోసిన గుండు నున్నగా ఉండదు, తుప్పు పడుతుంది, నాలుగు దెబ్బలకు గొట్టంలో మసి పేరుకుంటుంది. బిగువుగా పోస్తే ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే ఫిరంగే పగిలి వెనకున్నవాళ్లు పోతారు. అందుకని ఖాళీ వదిలారు. ఆ సందులోంచి మందు బలంలో మూడో వంతో నాలుగో వంతో వృథాగా పోతుందని పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇంగ్లండ్ గణితవేత్తలు కొలిచారు. గుండు గొట్టంలో ఇటూ అటూ తగులుతూ పోయి, చివర ఏ గోడకు తగిలిందో ఆ వాలున బయటపడేది. కోట గోడను కొట్టడానికి అది చాలు. మనిషిని గురి చూడటానికి చాలదు.

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ 1839లో కోటలోనూ తోటల్లోనూ ఫిరంగులు, గుండ్లు కుప్పలుగా దాచి దొరికిపోయాడు. అక్టోబర్ 18న జోహరాపురం దగ్గర పోరు, ఆ తర్వాత నవాబు తిరుచిరాపల్లికి. ఆయన గుట్టలుగా పోగేసిన ఆయుధాలు చూసి ఈస్టిండియా కంపెనీవాళ్లు బిత్తరపోయిన మాట నిజం. ఆ గుండ్లలో ఏది ఏ గొట్టానికి సరిపోతుందో ఎవరైనా వేరుచేసి పెట్టారా అన్నది మాత్రం చరిత్ర రాసినవాళ్లకు పట్టలేదు.

కొవ్వు రాసిన కాగితం

సిపాయి చేతి తుపాకీలో ఈ ఖాళీని పూడ్చాలన్న ప్రయత్నమే 1857 తిరుగుబాటును అంటించింది. బడి పుస్తకాల్లో ఆవు కొవ్వు, పంది కొవ్వు అని చదువుకున్నాం. అసలు కొవ్వు ఎందుకు రాశారో చదువుకోలేదు.

ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టంలో మెలికల గాడులుంటాయి. గుండు గాడుల్ని పట్టుకుంటేనే గిర్రున తిరుగుతూ సూటిగా పోతుంది. కానీ మూతి నుంచి కూరాల్సిన తుపాకీ కదా, గుండు బిగువుగా ఉంటే లోపలికి దిగదు. ఉపాయం ఏమిటంటే, గుండును కాస్త సన్నంగా పోసి, కాగితంలో చుట్టి, ఆ కాగితానికి కొవ్వు పట్టించడం. జారుతూ దిగుతుంది. పేలినప్పుడు మెత్తటి సీసం వెనకభాగం ఉబ్బి గాడుల్ని పట్టుకుంటుంది. కాగితం కొసను పళ్లతో కొరికి మందు పోయాలి. ఆ కొరకడం దగ్గరే మతం అడ్డొచ్చింది. ఆ ఏడాది మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల దాడి. దొరలు ఇంజినీర్ల లెక్క సరిగ్గానే వేసుకున్నారు, తూటా ఎవరి నోట్లోకి వెళ్తుందో ఆ లెక్క వేసుకోలేదు.

తర్వాత తూటా ఇత్తడి కేసులోకి మారింది, వెనకనుంచి పెట్టడం వచ్చింది. కొవ్వుతో పనిలేదు. ఖాళీ గొడవ మాత్రం గొట్టంలోంచి ఛాంబర్‌లోకి మారింది.

తూటా తామే కూరుకునేవాళ్లు

పాయింట్ టూ టూ తూటాను ఒకసారి పేల్చాక మళ్లీ వాడటానికి లేదు. నిప్పుమందు అంచులో ఉంటుంది గనక కేసు పనికిరాదు. 300 మీటర్లు, ఆపై దూరాల్లో వాడే పెద్ద తూటాలు అలా కాదు. వాటి నిప్పు బొట్టు అడుగున నడిమధ్య విడిగా ఉంటుంది. దాన్ని తీసేసి కొత్తది పెట్టవచ్చు. అందుకే అమెరికాలో, యూరప్‌లో వేలమంది ఫ్యాక్టరీ తూటాను నమ్మక, ఖాళీ కేసులు ఏరుకుని తమ తూటాలు తామే తయారు చేసుకుంటారు. కొందరికి పొదుపు, ఎక్కువమందికి పిచ్చి.

వాళ్ల పిచ్చిలో ఒక కిటుకు మాత్రం నిజంగా అందమైనది. కొత్త ఇత్తడి కేసు ఛాంబర్‌లో కాస్త వదులుగానే ఉంటుంది. ఫ్యాక్టరీవాడు లక్ష తుపాకుల్లో పట్టేలా చేస్తాడు మరి. పేలినప్పుడు ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుని, మళ్లీ పిసరంత ముడుచుకుంటుంది. అంటే ఒకసారి కాల్చిన కేసు ఆ ఒక్క తుపాకీ కొలతలకు పోతపోసినట్టు తయారవుతుంది. దాన్ని వేరే తుపాకీలో పెడితే ఒక్కోసారి పట్టదు కూడా. అనుభవజ్ఞులు అలాంటి కేసుల్ని పారేయరు. మెడ భాగాన్ని మాత్రమే సరిచేసి మళ్లీ వాడతారు. గుండు కొన గాడులకు ఎంత దూరంలో నిలవాలో, కేసు నడిగీతకు గుండు ఎంత సూటిగా ఉందో కొలతపరికరాలతో చూసుకుంటారు.

1970లలో అమెరికాలో లూ పాల్మిసానో అనే డాక్టరు, ఫెర్రిస్ పిండెల్ అనే పనిముట్ల నిపుణుడు కలిసి ఒక రష్యన్ తూటా కేసును తమకు కావాల్సిన తీరుకు మార్చుకున్నారు. అదే 6 పీపీసీ. పొట్టిగా, లావుగా, చూడటానికి ఏమంత బాగుండదు. బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్ని దశాబ్దాలపాటు అదే ఏలింది. వంద గజాల దూరంలో అయిదు గుళ్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోవడం ఆ పోటీల్లో ఆశ్చర్యం కాదు.

మన దగ్గర ఇది సరదాగా నేర్చుకునే విద్య కాదు. చట్టం దగ్గర మొదటి అడుగే ఆగిపోతుంది.

> చట్టం ఏమంటుంది?
> ◆ 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీయే కాదు, తూటా తయారు చేయడమూ నేరమే. 2019 సవరణతో శిక్ష ఏడేళ్ల నుంచి జీవితఖైదు దాకా పెరిగింది.
> ◆ 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ షూటర్ల ఏడాది సాధనకు ఇచ్చే పాయింట్ టూ టూ తూటాల పరిమితిని 1,000 నుంచి 5,000కు పెంచింది.
> ◆ 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ నిర్దేశిత శక్తి పరిమితికి లోబడి ఉంటే ఆయుధ లైసెన్సు అక్కర్లేదు.

ఎంచుకునే అదృష్టం ఎవరిది?

అయిదు వేలు అంటే వినడానికి చాలానే. రోజుకు వంద చొప్పున కాలిస్తే యాభై రోజులు. పది లాట్లు పరీక్షిద్దామని ఒక్కో లాట్‌కు ఇరవై పేల్చితే అందులోంచే రెండొందలు తరుగు. పై స్థాయి పోటీల్లో మనవాళ్లు వాడేది ఎక్కువగా దిగుమతి సరుకే. అది వచ్చినప్పుడు వచ్చిన లాట్‌ను పుచ్చుకోవడం తప్ప, ఎదురుగా పది పెట్టెలు పరిచి ‘నాకిది నచ్చింది, దీన్నే ఇవ్వండి’ అనే అవకాశం కొత్తగా ఎదిగే షూటర్‌కు ఉండదు. జాతీయ జట్టులోకి వచ్చాక విదేశీ పరీక్ష గదుల తలుపులు తెరుచుకుంటాయి. ఆ జట్టులోకి రావడానికి కావాల్సిన స్కోరు మాత్రం చేతికందిన తూటాలతోనే కొట్టాలి. పేద షూటర్ కష్టాల గురించి రాసినప్పుడల్లా మనం రైఫిల్ ధర గురించి రాస్తాం. రైఫిల్‌ను దాతలు ఇస్తారు, ప్రభుత్వం ఇస్తుంది, ఒకసారి కొంటే ఏళ్లపాటు పనిచేస్తుంది. తూటా ఖర్చు రోజూ ఉంటుంది, ఫొటోలో పడదు.

అలాగని అంతా సీసంలోనే ఉందనుకోవడానికీ లేదు. అమెరికా షూటర్ మాథ్యూ ఎమ్మన్స్ సంగతి చూడండి. 2004లో ఒలింపిక్ ట్రయల్స్‌కు ముందు ఎవరో అతని రైఫిల్ గొట్టాన్ని పాడుచేశారు. ఏళ్లతరబడి తూటా కుదుర్చుకున్న గొట్టం చేతికి రాకుండా పోయింది. సహచరురాలు ఆంబర్ డార్లాండ్ రైఫిల్ అడిగి తీసుకుని ఏథెన్స్ వెళ్లి, ప్రోన్‌లో స్వర్ణం గెలిచాడు. కొద్దిరోజులకే త్రీ పొజిషన్స్ ఫైనల్. చివరి గుండుకు 7.2 వస్తే చాలు, రెండో స్వర్ణం. ఎమ్మన్స్ 8.1 కొట్టాడు, పక్కవాడి టార్గెట్ మీద. తనది రెండో లేను, కాల్చింది మూడో లేనులో. స్కోరు సున్నా, ఎనిమిదో స్థానం. ఆ సాయంత్రం ఓదార్చడానికి వచ్చిన చెక్ షూటర్ కాటెరినా కూర్కోవాను తర్వాత పెళ్లి చేసుకున్నాడు గనక కథ మరీ విషాదం కాలేదు. 2008 బీజింగ్‌లో మళ్లీ చివరి గుండు దాకా ముందున్నాడు. అప్పుడు 4.4 పడి నాలుగో స్థానానికి జారాడు. దానికి ఏ లాట్ నంబరూ జవాబు చెప్పలేదు.

డబ్బా మూత మీది చిన్న అంకె

తెలుగు నేల మీద ఈ ఆట పేరు వినగానే గుర్తొచ్చేది హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్. 2012 జూలై 30న లండన్‌లో 701.1 పాయింట్లతో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం. అంతకు రెండేళ్ల ముందు ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు. ఆయన నడిపే గన్ ఫర్ గ్లోరీ అకాడమీలో తయారైన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతో వినికిడి లేని కుర్రాడు, హైదరాబాదీ. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు, మిక్స్‌డ్ టీమ్‌లో మరొకటి.

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో పిల్లలు మొదలుపెట్టగలిగేదీ ఇక్కడే. లైసెన్సు తిప్పలు లేవు, పది మీటర్ల చోటు, గుళ్లను ఆపే గట్టి అడ్డు, చూసేందుకు ఒక పెద్దమనిషి ఉండాలి. లైసెన్సు లేదంటే బొమ్మ తుపాకీ అని కాదు. దగ్గర్లో కంటికి తగిలితే కన్ను పోతుంది.

తూటా, ఛాంబర్‌ల గొడవ మొత్తం ఎయిర్ రైఫిల్‌లో చిన్న రూపంలో ఉంది. పెల్లెట్ బరువు అర గ్రాము పైచిలుకు. నడుము సన్నం, తల బల్లపరుపు, వెనక లంగాలా విచ్చుకున్న పలచటి సీసపు అంచు. తల గాడుల్ని తాకుతూ పోవాలి, వెనక అంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని సందు మూయాలి. ఆ తల కొలతల్లోనే కంపెనీలు రకాలు అమ్ముతాయి: 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరులో వందో వంతు. డబ్బా మూత మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. ఎక్కువమంది కొనేటప్పుడు చూడరు. ఖరీదైన పోటీ పెల్లెట్లు ఒక్కొక్కటీ విడివిడి గుంటల్లో కూర్చోబెట్టి వస్తాయి. డబ్బాలో గలగలలాడితే ఆ మెత్తటి అంచు నొక్కుకుపోతుంది మరి.

పరీక్షకు బర్మింగ్‌హామ్ అక్కర్లేదు. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, మూడు కొలతల్లోనూ పదేసి పెల్లెట్లు మూడు వేరువేరు కాగితాల మీద కాల్చి, రంధ్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే గొట్టానికి ఏది నచ్చిందో కనిపిస్తుంది. నచ్చిన డబ్బా అడుగున లాట్ నంబరుంటే రాసి పెట్టుకోవాలి. అదే నంబరువి సీజనుకు సరిపడా ఒకేసారి తెప్పించుకోవాలి. వచ్చే నెల అదే కంపెనీ, అదే రంగు డబ్బా, అదే 4.50 అని దుకాణదారు ఇచ్చేది వేరే లాట్ కావచ్చు. అప్పుడు కాగితాలు మళ్లీ మొదటినుంచి పెట్టాల్సిందే.